రెండు మూతల డబ్బా

కిందటి వారం మొగ్గను వంటింటి గచ్చు మీద కూర్చోబెట్టి వచ్చేశాం. ఒళ్లో నాన్న పాత టీ డబ్బా మూత, అరచేతిలో వేలిగోరంత సబ్బు ముక్క. పెళ్లికి నాన్న ఇచ్చిన సామానులో ఆ డబ్బా ఒకటి. కొత్త షాపులో పెట్టుకుందామని నీళ్లలో నానబెట్టి తోముతుంటే మూత లోపల అంటించిన గుండ్రటి అట్ట ఊడింది, అట్ట వెనకనుంచి ఆ ముక్క జారిపడింది. ఎండి, పగుళ్లిచ్చి, రంగు పోయి ఉంది గాని ముక్కుకు దగ్గరగా పెట్టుకుంటే ఇంకా గులాబీ వాసనే.

మొగ్గ రెండో తరగతిలో ఉండగా హోటళ్లకు టీ కొనే పెద్దమనిషి ఒకాయన నాన్న చేసిన మల్లెల టీ రుచి చూడ్డానికి వచ్చాడు. ఒక్క గుక్క నోట్లో పోసుకుని ఉమ్మేసి, "ఇది తాగడానికా, ఒళ్లు రుద్దుకోడానికా?" అన్నాడు. వీధంతా నవ్వింది. నాన్న పేరు 'సబ్బు టీ ఆయన' అయింది, బళ్లో మొగ్గ 'సబ్బు పిల్ల' అయింది, ఏడాది తిరక్కుండా దుకాణం మూతపడింది. తప్పు మాత్రం అమ్మది అన్నారందరూ. స్నానం చేసిన చేతులతో నేరుగా వెళ్లి ఆకు కలిపిందట. అమ్మ ఆ తర్వాత వాసన సబ్బు ముట్టుకోలేదు. ఇప్పటికీ వంటింట్లో అడుగు పెట్టబోయే ముందు వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుంటుంది.

అమ్మ చేతులది కాదు ఆ వాసన. ఎవరో కావాలని మూతలో సబ్బు దాచారు. ఆ ఎవరో పెదనాన్నే అని మొగ్గ ఆ గచ్చు మీదే తేల్చేసుకుంది. తమ్ముడి దుకాణం మూతపడ్డాకే కదా ఆయన టీ షాపు మూడంతస్తులు లేచింది. ఆ సబ్బు ముక్కను ఒక చిన్న కప్పులో దాచి, పైన గుడ్డ కప్పి, ఆ పూట తిండి కూడా మానేసి ఒక ఉపాయం ఆలోచించింది.

కొత్త షాపు టీలు రుచి చూడమని పెదనాన్నతో సహా అయినవాళ్లందరినీ పిలిచింది, ఆ ఉపాయం పారాల్సిన ఆదివారం మధ్యాహ్నం రానే వచ్చింది.

షాపంటే అత్తగారింటి ముందుగదే. వీధివైపు ఒక కిటికీ, గోడపొడవునా అలమర, మధ్యలో పొడుగు బల్ల, ఆరు స్టూళ్లు. వాటిలో ఒకటి ఊగుతుంది. పెళ్లయిన రెండో నెలకే ఇంత షాపు తనదైందంటే మొగ్గకు ఇంకా నమ్మకం కుదరలేదు. పొద్దున్నే తాళం తీయగానే, ఎవరూ చూడట్లేదని నిర్ధారించుకుని, అలమరలో డబ్బాలన్నిటినీ ఒకసారి పలకరిస్తుంది. పిల్లి చెవి మీద నూగులాంటి నూగున్న తెల్ల టీ, మిరియపు గింజల్లా చుట్టుకుని వేణ్నీళ్లు తగలగానే ఒళ్లు విరుచుకునే ముదురాకుపచ్చ టీ, చితుకుల మంట వాసన పట్టిన నల్ల టీ. గాజు కెటిల్లో ఆకు విచ్చుకుంటూ కిందికి దిగుతుంటే ఆమెకు కొనడానికి వచ్చినవాళ్లు కూడా గుర్తుండరు.

అద్దాలబ్బాయికి మాత్రం ఇవేవీ పట్టవు. అద్దాలబ్బాయంటే మొగ్గ మొగుడు, కళ్లజోళ్లు తయారుచేసే పనివాడు. ఆయన లెక్కలో ప్రపంచంలో ఉన్నవి మూడే టీలు: గడ్డి టీ, పువ్వుల టీ, పొగ టీ. కెటిల్ మీదికి వంగి వాసన చూస్తే ఆవిరికి కళ్లద్దాలు మసకబారి, ఆ మసకలోనే తీర్పు చెప్పేస్తాడు.

"ఇది పొగ టీ కదూ?" అన్నాడు ఆ మధ్యాహ్నం కూడా, ఒక కప్పు ఖాళీ చేసి.

"కాదు. కెటిల్ కడిగిన నీళ్లు."

"అయినా బాగుంది."

ఇంకో రోజైతే మొగ్గ పడీ పడీ నవ్వేది. ఆవేళ బల్ల మీది డబ్బానే చూస్తోంది. అదే పాత డబ్బా. అద్దాలబ్బాయి దానికి చిలకపచ్చ రంగు వేశాడు. అడుగంచు దగ్గర సొట్ట మీద కూడా జాగ్రత్తగా రెండు పూతలు వేసి, "ఈ సొట్ట పెట్టింది నేనే తెలుసా? చిన్నప్పుడు మీ నాన్న కొట్లో మెట్ల మీదనుంచి దొర్లించాను" అని గర్వంగా చెప్పాడు. వాళ్లమ్మ అప్పట్లో ఆ కొట్లో డబ్బాలు నింపే పని చేసేది. పిల్లలిద్దరూ ఆ డబ్బాల మధ్యే పెరిగారు. మొగ్గకు ఆమె అప్పుడు 'డబ్బాల అత్తయ్య', ఇప్పుడు సొంత అత్తయ్య. ఇంతకంటే అదృష్టం ఉంటుందా అని పెళ్లినాడు మురిసిపోయిన పిల్ల మొగ్గ.

ఆ డబ్బాలు నాన్న ప్రత్యేకంగా చేయించినవి. ఒక్కోదానికీ రెండు మూతలు. సాయంత్రం ఆకు పరిచి, ఆకు మీద మల్లెమొగ్గలు, మొగ్గల మీద మళ్లీ ఆకు పరుస్తారు. రాత్రి మొగ్గలు విచ్చుకుంటే ఆకు ఆ వాసనంతా తాగేస్తుంది. పొద్దున్నే పూలు ఏరి పారేసి, మళ్లీ కొత్త మొగ్గలు. అలా చాలా రాత్రులు వాసన తాగిన ఆకు కాస్త ఊపిరి పీల్చుకోవాలి, అందుకని లోపలి మూతకు సన్నటి చిల్లులు. పైమూత గట్టిది, దాని లోపల మందపాటి అట్ట. ఆ అట్టలు గుండ్రంగా కోసి, మైదా జిగురుతో అంటించి, బొటనవేలితో చుట్టూ నొక్కే పని నాన్నది. అంచు వెంట్రుకంత లేచినా ఆకు చస్తుందని ఆ పని ఇంకొకరికి ఇచ్చేవాడు కాదు. ఏరి పారేసిన పూలలోంచి విచ్చుకోని మొగ్గలేరే పని కూతురిది, 'మొగ్గ' అన్న పిలుపు అలాగే నిలిచిపోయింది.

ఆకు ఏ వాసననైనా తాగుతుంది. మల్లె అయితే మల్లె, సబ్బు అయితే సబ్బు. అందుకని మొగ్గ వారం రోజుల కిందట మంచి మల్లెల టీ ఆ డబ్బాలో నింపి, కొత్త గులాబీ సబ్బు నుంచి ఒక ముక్క కోసి పైమూతలో పెట్టి, పైన అట్ట అంటించింది. అంత తేలికగా అంటుకోలేదది. ముక్క ఉన్నచోట అట్ట ఉబ్బుతుంది, నొక్కితే బొటనవేలికి తగులుతుంది. ముచ్చటగా మూడో ప్రయత్నానికి కుదిరింది.

"మీ పెదనాన్న చెయ్యి మూత మీదికి వెళ్లకపోతే?" అని అడిగాడు అద్దాలబ్బాయి.

"వెళ్తుంది. సబ్బు వాసన రాగానే వేరేవాళ్లంతా కప్పులు చూస్తారు, కెటిల్ చూస్తారు. అట్ట వెనక చూడాలన్న సంగతి పెట్టినవాడికే తెలుస్తుంది. ఆయన చెయ్యి అటు వెళ్లగానే నువ్వు తలుపుకు అడ్డంగా నిలబడు, అంతే."

"మా అమ్మకు చెప్పనా?"

"వద్దు. అత్తయ్య మనసు వెన్న. ఆవిడ మొహం చూసే పెదనాన్న పసిగట్టేస్తాడు."

కిటికీ రెక్కలు బార్లా తెరిచింది మొగ్గ. పక్కింటి ఇస్త్రీ ఆయన బల్ల సరిగ్గా ఆ కిటికీ కిందే ఉంటుంది. ఆయన చెవిలో పడ్డ మాట సాయంత్రానికి వీధి చివరిదాకా మడతపెట్టి అందుతుంది. నాన్న పరువు పోయింది వీధిలో. తిరిగి రావలసింది కూడా వీధిలోనే. ఆ మాట తలుచుకుంటే మొగ్గకు ఒళ్లంతా చల్లగా, హాయిగా ఉంది.

అందరికంటే ముందు అమ్మా నాన్నా వచ్చారు. నాన్న బల్ల చివర కూర్చుని, "నాకు వేణ్నీళ్లు చాలు తల్లీ" అన్నాడు. ఆ రోజు తర్వాత ఆయన టీ నోట పెట్టలేదు. అమ్మ గుమ్మంలోనే ఆగి, వేళ్లు ముక్కు దగ్గరకు తీసుకుని, అప్పుడు లోపలికి వచ్చింది. ఇంకొక్క గంట ఆగమ్మా అనుకుంది మొగ్గ.

అత్తయ్య తడిగుడ్డతో అప్పటికే తుడిచిన బల్లను మళ్లీ తుడుస్తోంది. ఈ గది ఇచ్చింది ఆవిడే. స్టూళ్లకు గుడ్డ తొడుగులు కుట్టింది ఆవిడే. కోడలు టీ కొట్టు పెడతానంటే మిగతా అత్తలు ఏమంటారో గాని ఈవిడ మాత్రం తన మంచం పక్కగదిలోకి జరిపేసుకుంది.

పెదనాన్న అందరికంటే ఆలస్యంగా, అందరికంటే ముందు తెలిసేలా వచ్చాడు. వీధి మలుపులో ఉండగానే ఆయన సెంటు వచ్చేసింది. టీ రుచి చూసే గదిలోకి సెంటు కొట్టుకుని రావడమంటే కావాలని కాలు తొక్కడం లాంటిది. మూడంతస్తుల టీ షాపాయనకు ఆ సంగతి తెలియదనుకోవడానికి లేదు. మొగ్గ నవ్వుతూ ఎదురెళ్లి, కిటికీ పక్కన ఊగే స్టూలు చూపించింది.

"ఏమ్మా, ఈ గూట్లోనే షాపా? మా దగ్గర సంచులు మడతపెట్టే గది ఇంతకంటే పెద్దది."

"చిన్నదైతే వాసన బాగా నిలుస్తుంది పెదనాన్నా."

"అబ్బో, వాసనల సంగతి మీ ఇంట్లోవాళ్లకే తెలియాలి." పెదనాన్న కిటికీ అదిరేలా నవ్వి అమ్మకేసి తిరిగాడు. "ఏమ్మా, బాగున్నావా? స్నానం చేసే వచ్చావా?"

అమ్మ తల వంచుకుంది. కిటికీ కింద ఇస్త్రీ పెట్టె చప్పుడు ఆగిపోయింది.

"అన్నయ్యా, కూర్చో" అన్నాడు నాన్న. అంతకుమించి ఎప్పుడూ ఏమీ అనడు.

మొగ్గ తెల్ల టీ మొదట పోసింది. పెదనాన్న చప్పరించి, ఇంత పల్చగా ఉంటే తాగినట్టు తెలియాలిగా అన్నాడు. రెండోది పోసింది. ఆకు ముదిరిందన్నాడు. పొగ టీ పోసింది. ఇల్లు తగలబడినట్టుందన్నాడు. ఒక్కో మాటకూ మొగ్గ "అవునా పెదనాన్నా", "ఇంకొంచెం పొయ్యనా పెదనాన్నా" అంటూ లోలోపల ఊగిపోతోంది. చిన్నప్పుడు ఒకసారి పెద్దవాళ్లు దాచిన మిఠాయి జేబులో పెట్టుకుని పూజారిలాంటి మొహంతో గంటసేపు కూర్చుంది. మళ్లీ ఇన్నాళ్లకు ఆ ఆనందం. ఆయన స్టూలు టకటక ఊగుతూనే ఉంది.

"ఇప్పుడు మల్లెల టీ" అంది మొగ్గ.

నాన్న చేతిలో వేణ్నీళ్ల గ్లాసు ఆగిపోయింది. బల్ల మధ్యలోకి వచ్చిన డబ్బా మీద, దాని సొట్ట మీద ఆయన చూపు నిలిచింది. అత్తయ్య చూపు కూడా. మొగ్గ ఆ ఇద్దరినీ చూడలేదు. ఆమె కళ్లు పెదనాన్న కుడిచేతిని వదలలేదు.

పైమూత తీసి పక్కన పెట్టి, లోపలి మూత తీసి, ఆకు కెటిల్లో వేసి, నీళ్లు పోసింది. మూతలు రెండూ మళ్లీ డబ్బాకు పెట్టేసింది. ఆవిరి లేచింది. మల్లెల వెనకనుంచి, పరదా తోసుకుని వచ్చే చుట్టంలా, గులాబీ సబ్బు గదిలోకి వచ్చింది.

అద్దాలబ్బాయి కూడా గుర్తుపట్టాడు. ఆయనే గుర్తుపట్టాడంటే ఇక ఎవరికీ అనుమానం ఉండదు.

పెదనాన్న కప్పు ఎత్తి, వాసన చూసి, ఒక నిమిషం నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. తరవాత నవ్వాడు. స్టూలు ఊగి, బల్ల పట్టుకుని, కళ్లు తుడుచుకుని మరీ నవ్వాడు.

"ఒరేయ్ తమ్ముడూ, ఇదేంట్రా బాబూ, మళ్లీనా? మీ ఆవిడ ఈ కొట్లో కూడా చెయ్యి పెట్టిందా?"

అప్పుడు జరిగింది మొగ్గ అనుకోనిది. అమ్మ లేచి నిలబడింది.

"నేనేం ముట్టుకోలేదు" అంది. "ఇప్పుడే వచ్చాను. కప్పులు కూడా నేను కడగలేదు. నిజంగా నేనేం ముట్టుకోలేదమ్మా, నువ్వు చూశావుగా." రెండు చేతులూ చాచి, వేళ్లు విడదీసి, సొంత కూతురికే చూపిస్తోంది.

ఈ ఉపాయం మొదట తగిలేది అమ్మకేనన్న సంగతి మొగ్గకు ఇన్ని రోజుల్లో ఒక్కసారి కూడా తట్టలేదు. అమ్మను గట్టిగా పట్టుకుని "నువ్వు కాదు, నువ్వెప్పుడూ కాదు" అని చెప్పెయ్యాలనిపించింది. పెదవి కొరుక్కుంది. ఇప్పుడు నోరు తెరిస్తే ఆ దొంగ జారిపోతాడు.

"కూర్చో అమ్మా" అంది. "ఏదో వాసన వస్తోంది, ఎక్కడిదో చూద్దాం."

పెదనాన్న చెయ్యి కదిలింది. ఆ చెయ్యి బల్ల మీద జరుగుతూ, డబ్బా పక్కనుంచి వెళ్లి, పళ్లెంలోంచి ఒక బిస్కెట్టు తీసుకుంది.

"నోరు కడుక్కోవాలి కదా" అన్నాడాయన బిస్కెట్టు నముల్తూ. కప్పును తిప్పి అడుగు చూశాడు. కెటిల్ ముట్టి చూశాడు. "కెటిల్ సరిగా కడగలేదు పిల్లా నువ్వు." అంతే. మూతకేసి కన్నెత్తి కూడా చూడలేదు. ఆ మొహంలో ఉన్నది తమ్ముడి ఇంటి నవ్వులాట మళ్లీ దొరికిందన్న సంబరం ఒక్కటే. చెడ్డ మనిషి, అందులో సందేహం లేదు, కాని ఈ చెడ్డపని మాత్రం ఆయనది కాదు.

ఇంత పగనూ వారమంతా వండివారిస్తే, మొగ్గకు వడ్డించడానికి మనిషి లేకుండా పోయాడు.

టిక్ మంది.

చాలా చిన్న చప్పుడు. నాన్న డబ్బాల పైమూత తిప్పి లాగినప్పుడు చివర వచ్చే చప్పుడు. మొగ్గ పసితనమంతా ఆ చప్పుడు మధ్యే గడిచింది గనక ఆమెకే వినబడింది. బల్ల మధ్యలో డబ్బా లేదు.

అత్తయ్య ఒళ్లో ఉంది.

బల్ల చాటున, తల ఎత్తకుండా, ఆవిడ పైమూతను తిరగేసింది. డబ్బాలో ఆకు వైపు చూడలేదు. చిల్లుల మూత తీయలేదు. బొటనవేలి గోరు అట్ట అంచు కింద దూర్చి, సరిగ్గా ఉబ్బెత్తుగా ఉన్నచోటే పైకి లేపి, లోపలిది తీసి గుప్పిట్లో పెట్టుకుంది. అట్టను మళ్లీ నొక్కింది. ఆ నొక్కడంలో తొందర ఉంది గాని దొంగతనం లేదు. పిల్ల బట్టలకంటిన బురదను ఎవరూ చూడకముందే తుడిచేసే తల్లి మొహంలా ఉంది ఆవిడ మొహం. ఇంత పాత డబ్బాలో ఆ ముక్క ఇంకా ఉండిపోయిందనీ, అది ఈ పిల్ల కొట్టును కూడా కూల్చేస్తుందనీ భయపడి, కోడల్ని కాపాడుకుంటోంది.

కాపాడుకుంటూ దొరికిపోయింది.

మొగ్గ కాలి మీద ఒక కాలు పడింది. అమ్మది. అమ్మ కళ్లు కూడా అత్తయ్య ఒడిలోనే ఉన్నాయి. తల అడ్డంగా, కనపడీ కనపడనట్టు, ఊపింది. అడక్కు అని.

ఒక్క క్షణం మొగ్గ అడగనే కూడదనుకుంది. గది ఇచ్చిన మనిషి. మంచం జరుపుకున్న మనిషి. రేపు పొద్దున్న ఇదే గుమ్మంలో ఎదురుపడాల్సిన మనిషి. తలుపు దగ్గర అద్దాలబ్బాయి, చెప్పిన మాట ప్రకారం అడ్డంగా నిలబడి, పెదనాన్న చేతిని ఇంకా కాపలా కాస్తున్నాడు, పాపం.

అప్పుడు అమ్మ మళ్లీ వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుంది. తనకు తెలియకుండానే.

"అత్తయ్యా" అంది మొగ్గ.

"ఏమ్మా?"

"మూత ఒళ్లో పెట్టుకున్నారెందుకు?"

"జిడ్డుగా ఉంటే తుడుస్తున్నానమ్మా. ఇదిగో, అయిపోయింది."

"రెండో చెయ్యి?"

"రెండో చేతికేమైంది?"

"గుప్పిట తెరవండి."

"మొగ్గా" అన్నాడు అద్దాలబ్బాయి తలుపు దగ్గరనుంచి. "అమ్మతో ఏంటా మాట్లాడ్డం?"

"నువ్వు చెప్పినచోటే నిలబడు. గుప్పిట తెరవండి అత్తయ్యా."

అత్తయ్య కొడుకుకేసి చూసింది. తరవాత గుప్పిట బల్ల మీద పెట్టి మెల్లగా విప్పింది. గులాబీ రంగు సబ్బు ముక్క, కత్తి కోసిన అంచులు ఇంకా పదునుగా. ఆవిడ దాన్ని చూసి కనుబొమలు ముడిచింది.

"ఇదేంటి, ఇంత కొత్తగా ఉంది? ఇది నేను పెట్టింది కాదు."

అన్న తరవాత ఆ మాట ఆవిడకే వినపడింది. చెయ్యి అలాగే ఉండిపోయింది.

అద్దాలబ్బాయి తలుపు వదిలేసి, గది దాటి వెళ్లి, కిటికీ రెక్కలు రెండూ మూసేశాడు. పెళ్లయ్యాక మొగ్గ చేసిన పనిని ఆయన కాదనడం అదే మొదటిసారి. మొగ్గ చూసింది, కాని ఆగలేదు. అలమర కింద గుడ్డ కప్పి పెట్టిన చిన్న కప్పు తెచ్చి, అందులోని ఎండిన ముక్కను కొత్త ముక్క పక్కనే పెట్టింది.

"ఇదీ మీరు పెట్టింది" అంది.

పెదనాన్న నోట్లో బిస్కెట్టు ఆగిపోయింది. కాసేపటికి ఆయనకు సంగతి ఎక్కడో అందింది.

"అంటే నువ్వు నన్ను పట్టుకుందామని పిలిచావా?"

"అవును పెదనాన్నా."

"ఈ ఊగే స్టూలు కూడా అందుకేనా?"

"అది మాత్రం మీరంటే ఇష్టం లేక."

ఆయన లేచి నిలబడ్డాడు గాని వెళ్లలేదు. ఇంత వినోదం మధ్యలో వదిలి వెళ్లే మనిషి కాదు.

మొగ్గ అత్తయ్య ఎదురుగా నిలబడింది. "మా అమ్మ చేతులు చూడండి అత్తయ్యా. ఇన్నేళ్లుగా తన చేతులు తనే వాసన చూసుకుంటోంది. మా నాన్న చేసిన టీ ఆయనే తాగడం మానేశాడు. నన్ను బళ్లో సబ్బు పిల్లా అంటే ఏడుస్తూ మీ ఒళ్లోకే కదా వచ్చాను. మీరే కదా జడ వేసి, ఊరుకోబెట్టి పంపారు. ఆ జడ వేస్తున్నప్పుడైనా చెప్పాలనిపించలేదా?"

అత్తయ్య ఏడవలేదు. ఏడిస్తే మొగ్గకు కాస్త తేలికయ్యేదేమో.

"రోజూ అనిపించింది" అంది. "నీకు ఈ గది ఎందుకిచ్చాననుకున్నావు?"

"గది వేరు, అమ్మ వేరు."

"వేరే. ఒప్పుకుంటున్నా." ఆవిడ అమ్మకేసి తిరిగింది. "వదినా, పెట్టింది నేనే. ఆ పాపం నాది. నువ్వు నన్ను ఏమన్నా పడతాను."

అమ్మకు ఆశ్చర్యం కలిగినట్టు లేదు. చేతులు బల్ల మీద పెట్టుకుని, అవి ఎవరివో కొత్తగా చూస్తున్నట్టు చూసుకుంటోంది. "సబ్బు నీదేనని నాకు తెలుసు వదినా" అంది నెమ్మదిగా. "ఆ గులాబీ సబ్బు మనింట్లో ఎప్పుడూ వాడలేదు. నువ్వు వాడేదానివి. ఎందుకు పెట్టావో తెలియక ఊరుకున్నా. అడిగితే ఏం వినాల్సొస్తుందో అని."

"అడగాల్సింది" అంది అత్తయ్య. "నన్ను కాదు."

ఆవిడ మూతను బల్ల మధ్యకు జరిపింది. ఎండిన సబ్బు ముక్కను తీసి అందులో పెట్టి, ఊడిన అట్టను దాని మీద కప్పింది. అట్ట ఉబ్బింది. చూపుడువేలితో ఆ ఉబ్బు మీద ఒకసారి తట్టింది.

"సబ్బు పెట్టింది నేను. దాని మీద అప్పుడు అట్ట అంటించింది నేను కాదమ్మా మొగ్గా. ఆ కొట్లో అట్టలు ఎవరంటించేవారో నీకే బాగా తెలుసు."

మొగ్గ తన బొటనవేలు చూసుకుంది. మూడుసార్లు అంటిస్తే మూడుసార్లూ ఆ ముక్క వేలికి తగులుతూనే ఉంది. తగలకుండా అంటించడం ఎవరికీ చేతకాదు, అంటే సబ్బుందని నాన్నకు తెలుసు, నింద అమ్మ మీద పడుతుంటే ఎందుకు ఊరుకున్నాడో ఆయనే చెప్పాలి. ఈ సంగతి వారం రోజుల కిందటే తట్టవలసింది. తట్టకపోవడానికి కారణం ఒక్కటే, తన పగంతా ఎవరి కోసమో ఆ మనిషిని అనుమానించడానికి చోటే లేకపోయింది.

అందరి తలలూ బల్ల చివరికి తిరిగాయి.

నాన్న వేణ్నీళ్ల గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కూర్చుని ఉన్నాడు. కాదనలేదు. ఏంటా మాటలని కోప్పడలేదు. అమ్మ ఆయన మొహంలోకి చూస్తోంది, ఆయన మాత్రం ఆ చిలకపచ్చ డబ్బా సొట్టకేసే చూస్తున్నాడు.

కెటిల్లో ఇంకొక్క కప్పు మిగిలింది. అప్పటికి బాగా నాని, చేదెక్కి, రంగు ముదిరింది. మొగ్గ దాన్ని అంచుదాకా పోసింది, ఒక్క చుక్క కూడా బల్ల మీద పడనివ్వకుండా. నాన్న చేతుల్లోంచి వేణ్నీళ్ల గ్లాసు తీసేసి, దాని చోట ఆ కప్పు పెట్టింది.

"తాగండి నాన్నా" అంది. "తాగి, రుచి ఎలా ఉందో అమ్మకు చెప్పండి."